ఈమ్ ఊరి ప్లేగు కథలో స్టాన్లీ పేరు ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంగ్లండులోని ఈమ్ అనే పల్లెటూరి గురించి, ఆ ఊరి సెయింట్ లారెన్స్ చర్చి గురించి వేసిన వ్యాసం చదివాను. ఎప్పుడో 1665లో ప్లేగు వచ్చినప్పుడు, జబ్బు బయట ఊళ్ళకి పాకకుండా హద్దు దాటకుండా ఉండిపోయిన ఒక చిన్న ఊరి కథకి మీరు అంత జాగా ఇచ్చారంటే నిజంగా సంతోషం వేసింది. కానీ వ్యాసం మొత్తం ఒకే ఒక్క ఫాదర్ చుట్టూ తిరిగింది, ఆయన చెప్పాడు ఊరు విన్నది అన్నట్టు రాశారు, అక్కడే నాకు బాధేసింది. ఆ ఊరి గురించి చాలా ఏళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నవాణ్ణి కాబట్టి కొన్ని విషయాలు చెప్పాలనిపించి రాస్తున్నాను, కొంచెం పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

ముందు మీరు రాసింది కరెక్టే అన్న సంగతి చెప్తాను. ఈమ్ డెర్బీషైర్‌లో కొండల మధ్య ఉన్న ఊరు, పీక్ డిస్ట్రిక్ట్ అంటారు ఆ ప్రాంతాన్ని, అప్పట్లో అక్కడి జనం సీసం గనుల్లో పని చేసుకునేవాళ్ళు, వ్యవసాయం చేసుకునేవాళ్ళు. 1665 ఎండాకాలం చివర్లో లండన్ నుంచి అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే టైలర్ ఇంటికి బట్టల మూట వచ్చింది, అది తడిగా ఉంటే ఆ ఇంట్లో పనిచేసే జార్జ్ వికార్స్ విప్పి మంట దగ్గర ఆరబెట్టాడు, ఆ బట్టల్లో లండన్ ప్లేగుని మోసుకొచ్చిన పురుగులు ఉన్నాయని అంటారు. వారం తిరక్కుండానే అతను పోయాడు, సెప్టెంబర్ 7న పూడ్చారు. తర్వాత అదే ఇంట్లో టైలర్ భార్య మేరీకి మొదటి భర్త వల్ల పుట్టిన పిల్లలిద్దరూ పోయారు, తర్వాత చుట్టుపక్కల ఇళ్ళు. ఇదంతా మీరు బాగానే రాశారు.

ఇక తప్పు ఎక్కడంటే, ఊరు 14 నెలలు తలుపులేసుకుని కూర్చుందని హెడ్డింగ్ పెట్టారు. 14 నెలలు ఉన్నది జబ్బు, 1665 సెప్టెంబర్ నుంచి 1666 నవంబర్ మొదటి రోజు దాకా. ఊరి చుట్టూ హద్దు పెట్టుకుని ఎవరం దాటం అనుకున్నది మాత్రం 1666 జూన్‌లో, అంటే జబ్బు మొదలై తొమ్మిది నెలలు అయ్యాక. ఇది చిన్న తేడా కాదండీ. ఆ తొమ్మిది నెలల్లో కాస్త ఉన్నవాళ్ళు కొందరు ముందే వెళ్ళిపోయారు, చలికాలంలో జబ్బు తగ్గినట్టు కనిపించి అందరికీ ప్రాణం లేచొచ్చింది, ఎండలు రాగానే మళ్ళీ ఎగసింది, అప్పుడు గానీ ఆ నిర్ణయం రాలేదు. మొదటి రోజు నుంచే త్యాగానికి సిద్ధపడ్డ ఊరు అని రాస్తే, భయపడి, ఆశపడి, మళ్ళీ భయపడి చివరికి ఉండిపోయిన మనుషులు కనపడకుండా పోతారు. నాకు ఆ మనుషులే ముఖ్యం.

ఇప్పుడు అసలు సంగతి. ఊరి రెక్టర్, అంటే చర్చి బాధ్యత చూసే ఫాదర్, విలియం మాంపెసన్. ముప్పై కూడా నిండని కుర్రాడు, 1664లో వచ్చాడు, ఊరికి కొత్త. ఆయన కంటే ముందు ఏళ్ళ తరబడి ఆ చర్చి చూసుకున్నది థామస్ స్టాన్లీ. మీ వ్యాసంలో స్టాన్లీ పేరు ఒక్కచోట కూడా లేదు! ఆయన లేకుండా ఆ కథ ఎలా నడుస్తుంది సార్?

స్టాన్లీ ప్యూరిటన్ల వైపు మనిషి, అంటే చర్చిలో ఆడంబరాలు తీసేసి ఆరాధన ఇంకా సాదాగా ఉండాలనే వాళ్ళ వైపు, రాజుని తీసేసి దేశాన్ని నడిపిన క్రామ్‌వెల్ కాలంలో ఆ ఊరికి ఫాదర్. 1660లో రెండో చార్లెస్ రాజుగా తిరిగొచ్చాడు, 1662లో అందరూ ఒకే ప్రార్థన పుస్తకం ప్రకారమే ఆరాధన చెయ్యాలని చట్టం చేశారు, ఒప్పుకోని వాళ్ళని చర్చిల నుంచి తీసేశారు, దేశం మొత్తం మీద అటూ ఇటూగా 2000 మంది అలా రోడ్డున పడ్డారు. వాళ్ళలో స్టాన్లీ ఒకడు. ఉద్యోగం పోయింది కానీ ఊరొదిలి పోలేదు, అక్కడే ఉండిపోయాడు. పైగా 1665లో ఇంకో చట్టం వచ్చింది, ఇలా తీసేసిన ఫాదర్లు ప్రభుత్వం చెప్పిన ప్రమాణం చెయ్యకపోతే తమ పాత ఊరికి 5 మైళ్ళ లోపుకి రాకూడదని. ప్లేగు ఊరిని తినేస్తున్న ఆ ఏడాదే అలాంటి చట్టం అమల్లోకి వచ్చిందంటే ఆయన ఎలాంటి స్థితిలో అక్కడ ఉన్నాడో ఆలోచించండి.

ఊళ్ళో చాలామంది మనసు ఇంకా స్టాన్లీ వైపే ఉంది, కొత్త ఫాదర్ మాట వినేలా లేరు. అప్పుడు మాంపెసన్ వెళ్ళి ఆయనతో మాట్లాడాడు. మతం విషయంలో ఇద్దరికీ పడదు, ఒకడి కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు, అయినా ఇద్దరూ కలిసి ఊరి ముందు నిలబడ్డారు. నా దృష్టిలో ఈమ్ కథ మొత్తంలో ఇంతకంటే గొప్ప ఘట్టం లేదు. ఒక్క మాంపెసన్ చెప్పి ఉంటే సగం ఊరు వినేది కాదు, స్టాన్లీ ఒక్కడే చెప్పాలంటే ఆయనకి చర్చిలో నిలబడి మాట్లాడే హక్కే లేదు. ఇద్దరూ కలిస్తేనే అయ్యింది.

వాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లు మూడు. చర్చి మూసేసి, ప్రార్థనలు కక్లెట్ డెల్ఫ్ అనే లోయలాంటి చోట బయట, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య దూరం వదిలి చెయ్యడం. చనిపోయిన వాళ్ళని చర్చి దగ్గరికి తేకుండా ఎవరి పొలంలో ఎవరి పెరట్లో వాళ్ళే పూడ్చుకోవడం. ఊరి హద్దు దాటి ఎవరూ పోకపోవడం. రెండోది మనం తేలిగ్గా చదివేసి ముందుకెళ్ళిపోతాం గానీ, ఆ కాలంలో చర్చి స్థలంలో, పాస్టర్ ప్రార్థనతో మట్టి చెయ్యకపోవడం అంటే చనిపోయిన వాళ్ళకి చివరి మర్యాద లేకుండా చెయ్యడమే, తరతరాలుగా తాతలు ముత్తాతలు పడుకున్న చోట తమ బిడ్డకి చోటు లేదని ఒప్పుకోవడం. దానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు.

తిండి సంగతి చూస్తే, దగ్గర్లోని చాట్స్‌వర్త్ బంగళాలో ఉండే డెవన్‌షైర్ ఎర్ల్, అంటే ఆ ప్రాంతపు పెద్ద ప్రభువు, సరుకులు పంపాడు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెచ్చి హద్దు దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. ఈమ్‌కీ స్టోనీ మిడిల్టన్‌కీ మధ్య ఆ హద్దు రాయి ఇప్పటికీ ఉంది, దాని పైన గుంటలు తొలిచి ఉంటాయి, ఆ గుంటల్లో వెనిగర్ పోసి డబ్బులు అందులో వేసేవాళ్ళు, అలా చేస్తే నాణేల మీద ఉన్న జబ్బు పోతుందని నమ్మకం. సూక్ష్మజీవులంటే ఏంటో ఎవరికీ తెలియని రోజుల్లో తీసుకునే వాడికి జబ్బు అంటకూడదని డబ్బు కడిగి ఇచ్చారు. వ్యాసంలో దీనికి రెండు లైన్లయినా ఇవ్వాల్సింది.

ఊరివాళ్ళంతా సంతోషంగా ఒప్పుకుని ఉండిపోయారని నేను కూడా అనను. బయట ఊళ్ళు కూడా వీళ్ళని రానిచ్చే పరిస్థితి లేదు, షెఫీల్డ్ వాళ్ళు ఈమ్‌లో జబ్బు ఉన్న రోజుల్లో జనాన్ని ఆపడానికి కాపలా పెట్టి దానికి ఖర్చు రాసుకున్న లెక్కలు ఉన్నాయి. పేదవాడికి పోవడానికి వేరే చోటు ఎక్కడుంది? మాంపెసన్ కూడా తన ఇద్దరు పిల్లల్ని ముందే బయటికి పంపించాడు, తండ్రిగా నేను ఆయన్ని తప్పు పట్టను, కానీ అందరికీ ఆ వీలు లేదు కదా. భార్య కాథరిన్‌ని కూడా వెళ్ళమంటే ఆవిడ వెళ్ళలేదు, జబ్బుపడ్డ వాళ్ళకి చేస్తూనే 1666 ఆగస్టు 25న పోయింది. ఆవిడ సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. పిల్లలకి తల్లి పోయిందని ఆయన రాసిన ఉత్తరం మిగిలి ఉంది, అది చదివి తట్టుకోవడం కష్టం.

ఆ ఆగస్టు అన్నిటికన్నా ఘోరం. ఊరికి అర మైలు దూరంలో రైలీ అనే పొలం దగ్గర ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ ఉండేది, ఎనిమిది రోజుల్లో భర్తా, ఆరుగురు పిల్లలూ పోయారు. జబ్బు భయానికి సాయం ఎవరూ రాలేదు, ఒక్కతే గుంటలు తవ్వి, ఒక్కొక్కరినీ గుడ్డతో కాళ్ళకి కట్టి లాక్కెళ్ళి పూడ్చిందని చెప్తారు, ఎదుటి కొండ మీద స్టోనీ మిడిల్టన్ జనం చూస్తూ ఉండిపోయారట. ఆవిడకి మాత్రం జబ్బు అంటలేదు. చుట్టూ గోడ కట్టిన ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మాంపెసన్ ఫోటో... అదే, ఆయన బొమ్మ అంత పెద్దగా వేశారు, ఈవిడ పేరు ఒక మూలనన్నా వెయ్యొచ్చు కదా అనిపించింది, తప్పుగా అనుకోకండి.

అంకెల దగ్గర ఇంకో మాట. 350 మందిలో 83 మందే మిగిలారని రాశారు, పాత పుస్తకాల నుంచి అందరూ అదే ఎత్తి రాస్తారు. కానీ 1664 నాటి పొయ్యి పన్ను లెక్కలు, అంటే ఇంట్లో ఎన్ని పొయ్యిలు ఉంటే అంత పన్ను వేసే లెక్కలు, చర్చి రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల జనాభా 700 దగ్గర్లో ఉండి ఉంటుందని చెప్తున్నారు. పోయినవాళ్ళ సంఖ్య అయితే మాంపెసనే 1666 నవంబర్‌లో ఒక ఉత్తరంలో రాశాడు, 76 కుటుంబాలకి జబ్బు వచ్చింది, 259 మంది పోయారని. ఊరు పుర్రెల దిబ్బలా అయిపోయిందని కూడా అందులోనే రాశాడు. మూడో వంతుకి పైగా జనం పోవడం అంటే అదేం తక్కువా, దాన్ని ఇంకా పెంచి చూపించాల్సిన అవసరం లేదు.

2016లో ఆ చర్చి రిజిస్టర్‌లో ఉన్న పేర్లు, తేదీలు, ఏ ఇంట్లో ఎవరి తర్వాత ఎవరు పోయారో తీసుకుని లెక్క కట్టిన పరిశోధన ఒకటి వచ్చింది, అంటుకున్న కేసుల్లో నాలుగింట మూడు వంతులు మనిషి నుంచి మనిషికే పాకాయి, ఎలుకల వల్ల వచ్చింది నాలుగో వంతే అని వాళ్ళ అంచనా. అది నిజమైతే ఊరు కదలకుండా ఉండటం వల్ల చుట్టుపక్కల ఊళ్ళు బతికాయన్న మాటకి బలం వస్తుంది. అదే సమయంలో ఇంట్లోనే ఉండి ఒకరికొకరు సేవ చేసుకున్న వాళ్ళు ఎంత మూల్యం కట్టారో కూడా తెలుస్తుంది. 350 ఏళ్ళ క్రితం చనిపోయిన వాళ్ళ పేరూ తేదీ ఆ రిజిస్టర్‌లో దిగి ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఆ పేర్లే లేకపోతే ఈ రోజు మనకి ఇద్దరు ఫాదర్ల కథ తప్ప ఇంకేం మిగిలేది కాదు.

చర్చి గురించి మీరు రాసింది కొంచెమే, నేనూ కొంచెమే కలుపుతాను. చర్చి ఆవరణలో నిలబడ్డ రాతి సిలువ ఎనిమిదో శతాబ్దంది, అంటే ప్లేగు వచ్చేనాటికే అది తొమ్మిది వందల ఏళ్ళ నాటిది, దాని నిలువు రాయిలో ఒక ముక్క ఎప్పుడో పోయింది. గోడ మీద 1775 నాటి ఎండ గడియారం ఉంది, లోపల మాంపెసన్ కూర్చున్నదని చెప్పే చెక్క కుర్చీ, 1985లో పెట్టిన ప్లేగు కథ చెప్పే రంగు అద్దాల కిటికీ ఉన్నాయి. ఊళ్ళో ప్లేగు ఇళ్ళ ముందు ఆ ఇంట్లో ఎవరెవరు పోయారో పేర్లతో బోర్డులు పెట్టారు. ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం అందరూ కక్లెట్ డెల్ఫ్‌కి నడిచి వెళ్ళి అక్కడే ప్రార్థన చేసుకుంటారు.

ఆ తర్వాత ఇద్దరి సంగతీ చెప్పి ముగిస్తాను. మాంపెసన్ కొన్నేళ్ళకి నాటింగ్‌హామ్‌షైర్‌లో ఈక్రింగ్ అనే ఊరికి వెళ్ళాడు, ప్లేగు ఊరి నుంచి వచ్చాడని అక్కడి వాళ్ళు మొదట్లో ఊళ్ళోకే రానివ్వలేదట, బయట గుడిసెలో ఉన్నాడని చెప్తారు. 1709లో పోయాడు. స్టాన్లీ ఈమ్‌లోనే ఉండి 1670లో పోయాడు, ఆయన ఉన్నన్నాళ్ళూ ఊరి నుంచి వెళ్ళగొట్టమని కొందరు డెవన్‌షైర్ ఎర్ల్ దగ్గరికి వెళ్ళారు, ప్లేగు అప్పుడు ఆ ఊరి కోసం ఆయన చేసినదానికి దేశమే ఆయనకి కృతజ్ఞత చూపించాలి అని ఎర్ల్ వాళ్ళని పంపేశాడు. చర్చి ఆవరణలో స్టాన్లీ పేరుతో స్మారకం పెట్టింది చాలా తర్వాత. ఆయన్ని ముందు చట్టం పక్కన పెట్టింది, తర్వాత కథలు చెప్పేవాళ్ళు పక్కన పెట్టారు, ఇప్పుడు మీ వ్యాసం కూడా అదే చేస్తే ఎలా?

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, ఆ వ్యాసం మీ వెబ్‌సైట్‌లో ఇంకా ఉంది కాబట్టి అందులో 14 నెలలు అన్న హెడ్డింగ్ మార్చండి, 350 అన్న అంకె పక్కన రెండో లెక్క కూడా ఇవ్వండి, థామస్ స్టాన్లీ గురించి, ఎలిజబెత్ హాంకాక్ గురించి ఒక్కో పేరా అయినా కలపండి. జాగా చాలకపోతే చాట్స్‌వర్త్ బంగళా గురించి రాసిన పేరా తీసేసినా నష్టం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు