ఏ అంచెకు ఏ తరగతో చూపించాకే సొమ్ము తీసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

వెన్నెముక శస్త్రచికిత్స తర్వాత ఎక్కువసేపు కూర్చోలేని నా భార్య, దారంతా పడుకుని వెళ్లగలిగితేనే అమెరికాలో ఉన్న మా అమ్మాయి పురిటికి వెళ్లవచ్చని డాక్టరు గారు చెప్పడంతో, ఉద్యోగ విరమణ సొమ్ములోంచి తీసి, నగరంలోని ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర ఇద్దరికీ ఫస్ట్ క్లాస్ టికెట్లు కొన్నాను. తీరా శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేతికి వచ్చాక చూస్తే, గల్ఫ్ వరకు ఉన్న నాలుగు గంటల ప్రయాణానికే ఫస్ట్ క్లాస్, అక్కడి నుంచి పదిహేను గంటల ప్రయాణానికి బిజినెస్ క్లాస్ అని ఉంది. కౌంటరులోని అమ్మాయి మా టికెట్ కాగితం తీసుకుని, మొదటి విమానం ఎదురుగా ఉన్న ‘ఎఫ్’ అక్షరాన్నీ, రెండో దాని ఎదురుగా ఉన్న ‘జె’ అక్షరాన్నీ పెన్నుతో చూపించింది. ఆ అక్షరాల అర్థం మాకు ఎవరూ చెప్పలేదు.

బిజినెస్ క్లాసులోనూ చాలా విమానాల్లో సీటు పూర్తిగా పడకవుతుంది. మేమెక్కిన విమానంలో మాత్రం అది కాళ్లవైపు ఏటవాలుగా ఆగిపోయింది. నా భార్య కిందికి జారిపోతూ, నొప్పి ఓర్చుకోలేక, రాత్రంతా సీట్ల అంచులు పట్టుకుని నిలబడే ఉంది.

ఫస్ట్ క్లాస్ అసలే లేని విమానాలు ఎన్నో ఉన్నాయి. అందుకే ఒక అంచెలో ఫస్ట్, మరో అంచెలో బిజినెస్ కలిపి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే, అందులో తప్పూ లేదు. కానీ ఆ సంగతి దాచి, మొత్తం ప్రయాణానికి పై తరగతి పేరు పెట్టడం మోసమే. కొన్న తరగతి నుంచి ప్రయాణికుణ్ణి ఇష్టం లేకుండా కింది తరగతికి మారిస్తే, అంతర్జాతీయ ప్రయాణాల్లో దూరాన్ని బట్టి టికెట్ ధరలో 30 నుంచి 75 శాతం వరకు తిరిగి ఇవ్వాలన్న పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. అయితే మా టికెట్‌లో రెండో విమానానికి మొదటి నుంచీ ‘జె’, అంటే బిజినెస్ క్లాస్ అనే ఉంది కనుక అది మాకు వర్తించదని ఏజెంటు చేతులు దులుపుకున్నారు.

కాబట్టి ప్రతి అంచెకూ తరగతి, విమానం రకం, సీటు పూర్తిగా పడక అవుతుందో లేదో తెలుగులో రాసిచ్చి, ప్రయాణికుడు చదివి సంతకం చేశాకే సొమ్ము తీసుకోవాలని పౌర విమానయాన శాఖ ఏజెంట్లందరికీ ఆదేశం ఇవ్వాలి. మా ఫిర్యాదును జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించాను.

– విశ్రాంత ఉద్యోగి, మలక్‌పేట, హైదరాబాద్