ఆల్టో వీఎక్స్ఐ అని చెప్పి 796 సీసీ బండి అంటగట్టినందుకు ఫిర్యాదు

మేనేజర్ గారికి,

మార్చిలో ఒంగోలులోని మీ షోరూంలో 1,15,000 రూపాయలు పెట్టి 2003 మోడల్ ఆల్టో కొన్నాను. దాని గురించి ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లూ "పాత బండి కదా సార్, పికప్ అంతే ఉంటుంది" అనే మాటే చెప్పి పెట్టేశారు. అందుకే రాసి పంపుతున్నా.

పాతదని నాకు తెలుసు, తెలిసే కొన్నాను. నా గొడవ అది కాదు. మీ ప్రకటనలో వీఎక్స్ఐ, 1061 సీసీ, నాలుగు సిలిండర్లు అని ఉంది, ఆ ఒక్క ముక్క చూసే పొదిలి నుంచి వచ్చాను. ఆల్టో 2000లో రెండు ఇంజిన్లతో వచ్చింది, ఒకటి 796 సీసీ మూడు సిలిండర్లది, రెండోది ఈ 1061. మా బావ దగ్గర అప్పటి వ్యాగనార్ ఉంది, దాంట్లోదీ ఇదే 1061 ఇంజిన్, 60 హార్స్ పవర్ పైనే ఇస్తుంది. వ్యాగనార్ కంటే ఆల్టో బరువు తక్కువ, అదే ఇంజిన్ దీంట్లో ఉంటే ఇంకా హుషారుగా లాగాలి కదా అని లెక్క వేసుకునే తీసుకున్నాను.

జూన్‌లో అమ్మను శ్రీశైలం తీసుకెళ్లాం, రెండు బండ్లు, బండికి నలుగురం. మార్కాపురం దాకా సాపు రోడ్డే కాబట్టి తేడా పెద్దగా తెలియలేదు. దోర్నాల దాటి ఘాట్ మొదలయ్యాక బావ బండి థర్డ్ గేర్‌లో ఏసీ వేసుకునే ఎక్కిపోతోంది, నాది సెకండ్‌లో పెట్టినా మూలుగుతోంది, ఏసీ ఆపేసి అద్దాలు దించాల్సి వచ్చింది, మలుపుల దగ్గరైతే ఫస్ట్ గేరే. వెనక బస్సు హారన్ కొడుతుంటే అమ్మ "అబ్బయా, బండికేమన్నా అయిందా" అని దారంతా టెన్షన్ పడింది. ఆమె దేవుణ్ణి చూడాలని ఏడాదిగా అనుకున్న ప్రయాణం అది.

తిరిగొచ్చాక పొదిలి మెకానిక్ బానెట్ ఎత్తి చూపించాడు. ఉన్నవి మూడే స్పార్క్ ప్లగ్గులు. ఆగినప్పుడు స్టీరింగ్ సన్నగా వణకడం కూడా మూడు సిలిండర్ల వల్లేనన్నాడు. ఆ తర్వాత వారానికి నా పేరు మీద ఆర్సీ కార్డు వచ్చింది, అందులోనూ 796 అనే ఉంది. అమ్మేటప్పుడు ఒరిజినల్ ఆర్సీ ట్రాన్స్‌ఫర్ పనిలో ఉందని చూపించలేదు మీరు. డిక్కీ మీద వీఎక్స్ఐ అక్షరాలు మాత్రం అతికించి ఉన్నాయి.

796 మంచి ఇంజిన్ కాదని నేననను. ఊళ్లో తిరగడానికి, పెట్రోలు ఆదాకి అది చాలు, మా వీధిలోనే రెండున్నాయి. కానీ దాని పవర్ 46 హార్స్ పవర్ దగ్గరే ఆగిపోతుంది, ఏసీ వేసి నలుగురితో కొండ ఎక్కడానికి ఆ తేడా చాలా పెద్దది. 796 కావాలంటే ఇంతకన్నా తక్కువకి మా ఊళ్లోనే దొరికేది.

బండి వెనక్కి తీసుకుని నా డబ్బు, ట్రాన్స్‌ఫర్‌కి కట్టించుకున్నదీ కలిపి ఇచ్చేయండి. సర్వీసింగ్ ఫ్రీగా చేస్తామంటే ఒప్పుకోను, సర్వీసింగ్ చేస్తే నాలుగో సిలిండర్ రాదు. ప్రకటన ఫొటోలు, రసీదు, ఆర్సీ కాపీ జత చేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఒంగోలు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
పొదిలి నుంచి మీ కస్టమర్