బడి మాస్టారు లేని వేసవి

ఆల్ఫరెట్టా, జార్జియా, అమెరికా

ప్రియ మిత్రమా,

పోయిన వారం ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "బడిలో మాస్టారు ఉండగా పిల్లవాణ్ణి బాస్కెట్‌బాల్ ఆటలకని వేసవంతా ఊళ్ళు ఎందుకు తిప్పుతున్నావు?" అన్నావు. ఇన్నేళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలను మైదానంలోకి దింపుతున్న నీకు ఆ సందేహం రావడం సహజమే. అదే సందేహం నన్నూ రెండేళ్ళుగా తొలుస్తోంది కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ బడి జట్ల బాస్కెట్‌బాల్ ఆటలు నవంబరులో మొదలై మార్చి దాకా నడుస్తాయి. కాలేజీల ఆటలు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే ఉండడం వల్ల, కాలేజీ కోచ్‌కు ఊరూరా తిరిగి బడి పిల్లలను చూసే తీరిక చిక్కదు. అందుకే అందరి చూపూ వేసవి మీదికి మళ్ళింది. వేసవిలో పిల్లవాడు ఆడేది బడి తరఫున కాదు, బడితో సంబంధం లేని ప్రైవేటు క్లబ్బు తరఫున. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ, కోచ్‌లు స్వయంగా వచ్చి చూడడానికి ఏప్రిల్ నుంచి జూలై దాకా కొద్ది రోజులను మాత్రమే కేటాయిస్తుంది. ఆ రోజుల్లో కంట పడకపోతే ఏడాది పోయినట్టేనని తల్లిదండ్రుల భయం. దేశం మొత్తం మీద హైస్కూలు జట్లలో ఆడే మగపిల్లలు 5 లక్షలకు పైగా ఉంటే, వాళ్ళలో పైస్థాయి డివిజన్ వన్ కాలేజీలకు చేరేది నూటికి ఒక్కరు. ఆ ఒక్కరు మనవాడే అవుతాడేమోనన్న ఆశ మీదనే ఈ వేసవి వ్యాపారమంతా నిలబడి ఉంది.

మొన్న జూలైలో మేము వెళ్ళిన టోర్నమెంటు సంగతి చెబుతాను. ఎగ్జిబిషన్లు పెట్టే పెద్ద హాలులో పన్నెండు కోర్టులు పక్కపక్కనే పరిచారు. ఒక కోర్టులో ఊదిన విజిల్‌కు పక్క కోర్టు పిల్లలు ఆగిపోతుంటారు. బస కూడా నిర్వాహకులు చెప్పిన హోటల్లోనే చేయాలి, లేకపోతే జట్టుకు ప్రవేశం లేదు. కన్నకొడుకు ఆట చూడడానికి నేనూ మా ఆవిడా రోజుకు విడిగా టికెట్లు కొన్నాము. కోర్టు చివర మడత కుర్చీల్లో కాలేజీ కోచ్‌లు వరుసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి చొక్కా మీద తమ కాలేజీ గుర్తు, చేతిలో ఆటగాళ్ళ వివరాల పుస్తకం. ఆ పుస్తకం వాళ్ళకు ఊరికే ఇవ్వరు, వందల డాలర్లకు అమ్ముతారు. అందులో మా వాడి ఎత్తు రెండు అంగుళాలు పెంచి వేశారు. అడిగితే, అందరికీ అలాగే వేస్తామని క్లబ్బు మనిషి మామూలుగా చెప్పాడు. పదహారేళ్ళ పిల్లవాడి పేరు పక్కన అబద్ధం అచ్చు వేసి అమ్మడం నాకు చాలా బాధ కలిగించింది.

ఆ రోజు వాడికి మూడు ఆటలు పడ్డాయి. మూడోది మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మధ్యలో దొరికిన గంటన్నరలో వాడు గోడ వారగా, మోకాలికి ఐసు సంచి కట్టుకుని, బూట్లు విప్పకుండానే సంచీ మీద తల పెట్టి నిద్రపోయాడు. తరువాత ఆటలో వేసిన బంతి రింగుకు కూడా తగలలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరు అప్పుడే లేచి పక్క కోర్టుకు వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళకూ చూడవలసినవాళ్ళు వందల మంది. కానీ అలసిపోయిన పిల్లవాణ్ణి పది నిమిషాలు చూసి వాడి శక్తిని ఎలా తూచగలరు? వాడు నెగ్గలేని రోజున ఎలా ప్రవర్తిస్తాడో, జూనియర్లకు బంతి ఎలా అందిస్తాడో నాలుగేళ్ళుగా చూసిన బడి కోచ్ ఆ హాలులో ఎక్కడా లేడు.

దీని వెనక డబ్బు ఎవరిదో కూడా చెప్పాలి. పెద్ద లీగులు బూట్ల కంపెనీలవి. నైకీ ఈవైబీఎల్ అనే తన క్లబ్బు జట్ల లీగును 2010లో మొదలుపెట్టింది. అడిడాస్‌కూ, అండర్ ఆర్మర్‌కూ తమ తమ లీగులు ఉన్నాయి. నైకీ వాళ్ళ పీచ్ జామ్ అనే టోర్నమెంటు మాకు మూడు గంటల ప్రయాణంలో, సవానా నది ఒడ్డున నార్త్ ఆగస్టాలో జరుగుతుంది. ఒకసారి చూసి వచ్చాము. ఆట మహా గొప్పగా ఉంటుంది, కాదనను. అయితే పిల్లవాడు చిన్నప్పుడే తమ బూటు తొడిగితే, కాలేజీలోనూ ఆ తరువాతా తమవాడిగానే ఉంటాడని కంపెనీల లెక్క. ఆ లెక్క ఎక్కడికి దారి తీసిందో 2017 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. ఎఫ్‌బీఐ పది మందిని అరెస్టు చేసింది. వాళ్ళలో నలుగురు పెద్ద కాలేజీల సహాయ కోచ్‌లు, ఒకరు అడిడాస్ అధికారి జేమ్స్ గాటో. ఒక ఆటగాణ్ణి లూయివిల్ విశ్వవిద్యాలయానికి రప్పించేందుకు వాడి కుటుంబానికి లక్ష డాలర్లు దొంగచాటుగా ముట్టజెప్పే ఏర్పాటు జరిగిందన్నది అభియోగాల్లో ఒకటి. అక్కడి ప్రసిద్ధ కోచ్ రిక్ పిటినో పదవి పోయింది. మరుసటి ఏడాది జ్యూరీ గాటోను దోషిగా తేల్చింది.

అప్పుడు ఎన్‌సీఏఏ, మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన ఆ నివేదికలో వేసవి ఆటల గురించి సూటిగానే మాట్లాడారు. టోర్నమెంట్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో బయటపెట్టాలన్నారు. జూలైలో ఎన్‌సీఏఏ స్వయంగా శిబిరాలు నడపాలన్నారు. 2019 జూలైలో ఫీనిక్స్, హ్యూస్టన్, ఇల్లినాయ్, కనెటికట్ - ఈ నాలుగు చోట్ల ఆ శిబిరాలు పెట్టారు. నాకు ఆ ఆలోచన అంతగా నచ్చలేదు. ముక్కూ మొహం తెలియని పిల్లలను అప్పటికప్పుడు జట్లుగా కట్టి ఆడిస్తే, కంపెనీ పెత్తనం తగ్గుతుందేమో గానీ పిల్లవాణ్ణి తెలిసిన మనిషి మాత్రం మళ్ళీ అక్కడ ఉండడు. అదే సంస్కరణల్లో పెద్దగా పేరు రాని మరొక మార్పు నాకు నిజంగా విలువైనదిగా తోస్తుంది. జూన్‌లో రెండు వారాంతాలు బడి జట్ల ఆటలను కోచ్‌లు వచ్చి చూడవచ్చునన్నారు. అక్కడ క్లబ్బు ఉండదు. పిల్లవాడు తన బడి జెర్సీతో, తన మాస్టారి పక్కన ఆడతాడు.

కరోనాతో 2020 వేసవి మొత్తం కొట్టుకుపోయింది. తరువాత పరిస్థితి పూర్తిగా మారింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరును ప్రకటనల వంటివాటికి ఇచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. ఒకప్పుడు దొంగచాటుగా ఇచ్చినది ఇప్పుడు బాహాటంగా ఇస్తున్నారు, అది న్యాయమే. కానీ కాలేజీ మారే ఆటగాళ్ళు ఎక్కువై, కోచ్‌లు అనుభవం ఉన్న ఇరవై రెండేళ్ళవాళ్ళనే ముందు చూస్తున్నారు. బడి పిల్లలకు మిగిలే చోట్లు తగ్గుతున్న కొద్దీ వేసవిలో తల్లిదండ్రుల ఆత్రం పెరుగుతోంది, టికెట్ల వాళ్ళకూ హోటళ్ళ వాళ్ళకూ గిరాకీ పెరుగుతోంది.

నన్ను అడిగితే, చూసే రోజులను జూలై నుంచి తీసి జూన్ బడి ఆటలకు మరిన్ని కేటాయించాలి. ఒక పిల్లవాడు రోజుకు రెండు ఆటలకు మించి ఆడితే ఆ టోర్నమెంటుకు కాలేజీ కోచ్‌లను పంపకూడదు. కోచ్‌లు రాకపోతే ఆ హాలు నిండదు కాబట్టి, ఎన్‌సీఏఏ చేతిలో ఉన్న అసలైన అధికారం అదే. ఇక జమాఖర్చులు సంస్థకు దాఖలు చేస్తే చాలదు, ఫీజు కట్టే తల్లిదండ్రులకు చూపించాలి. క్లబ్బుకు కంపెనీ ఎంత ఇస్తోందో, ఆ క్లబ్బు మనిషికి ఏ కాలేజీతో లావాదేవీ ఉందో తెలియకుండా నా కొడుకుకు అతను ఇచ్చే సలహాను నేను ఎలా నమ్మాలి? క్లబ్బుల్లోనూ మంచివాళ్ళు ఉన్నారు. వాడికి ఎడమ చేత్తో బంతి వేయడం నేర్పినది అలాంటి ఒకాయనే, జీతం లేకుండా. అటువంటివాళ్ళకు లెక్కలు చూపడం భారం కాదు.

నేను చేయగలిగినది ఒకటి చేశాను. వచ్చే జూన్‌లో ఆ రెండు వారాంతాలూ మా వాడు బడి జట్టుతోనే ఉంటాడని, ఆ రోజుల్లో వేరే ఊరు పంపనని క్లబ్బుకు రాసి ఇచ్చాను. బడి కోచ్ దగ్గరికి వెళ్ళి, కాలేజీల వాళ్ళు అడిగితే వీడి అసలు ఎత్తే చెప్పండని కూడా కోరాను. ఆయన నవ్వి, వాడి ఎత్తు ప్రతి ఆగస్టులో తానే కొలుస్తానని గోడ మీది పెన్సిలు గీతలు చూపించాడు.

మీ బడి జట్టు జోనల్ పోటీలకు వెళ్ళిందా? ఈసారి పిల్లల ప్రయాణ ఖర్చు సర్దుబాటయిందో లేదో మొహమాటపడకుండా రాయి.

నీ మిత్రుడు