మంత్రి గారూ, మా కుళాయిలకు సోమశిల నీళ్లు ఎప్పుడిస్తారు?

గౌరవనీయులైన తాగునీటి సరఫరా మంత్రి గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి మెట్ట. మా నీళ్ల గురించి అర్జీలు పెట్టాం. సోమవారం గ్రీవెన్సుకు వెళ్లి, వరసలో నిలబడి రసీదులు తెచ్చుకున్నాం. కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వస్తుంది, సమస్య పరిష్కారమైందని. ఎవరూ ఊళ్లోకి వచ్చింది లేదు, కుళాయి తిప్పి చూసిందీ లేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జలజీవన్ మిషన్ గురించి మీకు నేను చెప్పేదేముంది! మా ఇంటికి కుళాయి వచ్చింది, లెక్కల్లో మా ఇల్లు ఎక్కింది. కానీ ఆ కుళాయిలో వదిలేది ఊరి బోరు నీళ్లే. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి, బిందె ఆరితే అడుగున తెల్లగా పొర కడుతుంది.

గీజర్ కొన్న ఏడాదిలోపే లోపల టపటపమని చప్పుడు మొదలైంది. మెకానిక్ విప్పితే కాయిల్ కనపడలేదు. చుట్టూ సున్నం గడ్డ కట్టేసింది. నీళ్లు కాగేటప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం పొరలు పొరలుగా కాయిల్‌కే అంటుకుంటుంది. వేడి ఆ పొర దాటి నీళ్లకు సరిగా చేరదు. మీటరు తిరుగుతూనే ఉంటుంది, కాయిల్ మాడి మాడి చివరికి పగులుతుంది. కరెంటు బిల్లు మాదే, కొత్త కాయిల్ ఖర్చూ మాదే. షాక్ కొడుతుందేమోనని పిల్లల్ని స్నానానికి పంపేటప్పుడు టెన్షన్ కూడా మాదే.

వాషింగ్ మెషిన్ డ్వాక్రా లోనుతో కొన్నాను. కంతులింకా తీరలేదు. నీళ్లొచ్చే పైపు దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది, అది పూడిపోతుంది. తీసి నిమ్మ ఉప్పులో నానబెట్టి కడిగితే కొన్ని రోజులు పనిచేసి మళ్లీ అదే కథ. సబ్బు పొడి ఎంత వేసినా నురగ రాదు, జిడ్డు తెట్టులా తేలుతుంది. ఆరిన బట్టలు అప్పడాల్లా బిరుసెక్కుతాయి, బడికి వేసుకెళ్లే తెల్ల చొక్కాలు మట్టి రంగుకు వచ్చేస్తాయి. కంపెనీ మనిషి వచ్చి చూసి, నీళ్ల వల్ల పోయినదానికి గ్యారంటీ వర్తించదు అన్నాడు. మరి ఆ నీళ్లకు గ్యారంటీ ఎవరిస్తారండీ?

ఎండాకాలం కూలర్ గడ్డి పెచ్చులు కట్టి గాలి ఆడదు. కుక్కర్లో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. పప్పు ఉడకడానికి కూడా క్యాను నీళ్లు కొంటున్నాం. ఫిల్టర్ పెట్టించుకోండమ్మా అని సలహా ఇస్తారు. పెట్టించుకున్నవాళ్ల ఇళ్లలో దాని లోపల నీళ్లు వడకట్టే పొర (మెంబ్రేన్) ఎన్నాళ్లో ఆగడం లేదు. పైగా బిందెడు మంచినీళ్లకు అంతకు రెండింతలు కాలవలోకి పోతాయి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇక ఈ మెట్టలో ఫ్లోరైడ్ బాధ వేరే ఉంది, దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరమవుతుంది.

నీళ్లలో ఇలా సున్నంలాంటి లవణాలు కరిగి ఉండడాన్ని కఠినత్వం అంటారట. దానివల్ల ఆరోగ్యానికి ప్రమాదం లేదని, లీటరుకు 600 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని ఇంజినీరు గారు చెప్పారు. నేను ఆయన మాట కాదనను. కానీ తాగునీటికి పెట్టిన భారతీయ ప్రమాణంలోనే అసలు హద్దు 200 అని ఉంది. 600 దాకా ఒప్పుకునేది వేరే నీటి ఆధారం లేనిచోట మాత్రమే. ఊరి మహిళలకు మీరిచ్చిన కిట్టుతో మేమే పరీక్ష చేశాం. చుక్కలు వేస్తూ పోతే ఎర్ర రంగు నీలంగా మారాలి, ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే కఠినత్వం అంత ఎక్కువ. వానల తర్వాత ఎలాగో 600 లోపు తేలుతుంది, ఎండాకాలంలో ఆ గీత కూడా దాటుతోంది.

వేరే ఆధారం లేదని ఎలా అంటారు మంత్రి గారూ? పెన్నా నది మీద 78 టీఎంసీలు పట్టే సోమశిల జలాశయం మా జిల్లాలోనే ఉంది. సోమశిల మీదుగా కండలేరుకు, అక్కడి నుంచి చెన్నై దాకా తాగడానికి నీళ్లు వెళ్తున్నాయి. వాళ్లకు వెళ్లొద్దని మేం అనడం లేదు, వాళ్లూ మనుషులే. కానీ పక్కనే ఉన్న మా బిందెలోకి ఆ నీళ్లు ఎందుకు రావు? ప్రతి ఎన్నికల్లో పెన్నా నీళ్లు తెస్తామన్నారు, ఓట్లు వేశాం. ఇంటింటికీ కుళాయి అన్న గడువు మొదట 2024 అన్నారు, ఇప్పుడు 2028 అంటున్నారు. అప్పటికైనా వచ్చేది నది నీళ్లా, ఈ బోరు నీళ్లేనా? అది చెప్పండి చాలు.

దయచేసి సోమశిల నీళ్లు మా ట్యాంకుకు కలపండి. ఒక్కసారిగా కుదరకపోతే బోరు నీళ్లలో సగమైనా కలిపి వదలండి, కఠినత్వం ఆ మేరకు తగ్గుతుంది. నీటి పరీక్ష ఫలితాలు నెలనెలా సచివాలయం గోడ మీద అతికించమనండి. మా అర్జీని మూసేముందు ఒక మనిషిని పంపండి, ఆ నీళ్లతోనే ఒక గ్లాసు టీ కాచి ఇస్తాం, తాగి చూసి రాసుకోమనండి. సోమశిల నీళ్లు ఇప్పించండి సార్, మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నాం.

ఇట్లు,
ఉదయగిరి మెట్ట ప్రాంతం నుంచి ఒక గృహిణి