కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ పూడిక, వీధి దీపాలు, ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. పార్కు గేటు ఇంకా బాగవలేదు, అది నా బాకీ.

ఈ ఏడాది కొత్తగా చేసింది హైదరాబాద్ పాత మేయర్లపై ప్రసంగాలు. మొదటిది మాడపాటి హనుమంతరావు గారి మీద. 1951లో నగరానికి తొలి మేయర్ ఆయనే. ఆ రోజు మైకు మొరాయించడంతో వెనక వరుసలకు సగమే వినిపించింది, మన్నించండి.

రెండోది రాణీ కుముదినీ దేవి గారిది. మహిళా విభాగం పట్టుబట్టి పెట్టించింది. వాళ్ళ మాట వినడం మంచిదైంది. ఆవిడ 1911లో వరంగల్ దగ్గరి వడ్డేపల్లిలో పుట్టారు. తండ్రి పింగళి వెంకటరామారెడ్డి గారు నిజాం ప్రభుత్వంలో ఉపప్రధాని. వనపర్తి సంస్థానానికి చెందిన రాజా రాందేవరావు గారిని పెళ్ళి చేసుకుని ఆ ఇంటి కోడలయ్యారు. 1962లో హైదరాబాద్‌కు తొలి మహిళా మేయర్ అయ్యారు. వనపర్తి ఎమ్మెల్యేగానూ పనిచేశారు. 2009లో కన్నుమూశారు.

పోస్టర్ మీద మనం 'తొలి మహిళా మేయర్' అని పెద్దక్షరాలతో వేయించాం. ప్రసంగం విన్నాక అది చిన్నక్షరాల్లో ఉండాల్సిందనిపించింది. మేయర్ కుర్చీ ఎక్కకముందే, 1958లో, కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం మొదలుపెట్టారు. అప్పటికి కుష్ఠుకు డాప్సోన్ ఒక్కటే ముఖ్యమైన మందు, అదీ ఏళ్ళ తరబడి వేసుకోవాలి. రోగం తగ్గినా ఇంట్లోవాళ్ళు మళ్ళీ గడప తొక్కనిచ్చేవారు కాదు. రాజకుటుంబపు కోడలు అలాంటివాళ్ళ కోసం పూనుకోవడమంటే బంధువర్గంలో ఎన్ని మాటలు పడి ఉంటారో నాకు ఊహకందదు. పదవి పోయింది, కేంద్రం మిగిలింది.

ఆ ఊపులోనే కేంద్రాన్ని చూసి రావాలని కమిటీ తీర్మానించింది. పేర్లివ్వమని గ్రూపులో పెట్టగానే ముగ్గురు నాకు విడిగా ఫోన్ చేసి ఒకటే అడిగారు: 'అంటుకోదు కదా?' చదువుకున్నవాళ్ళే. దాచడమెందుకు, నాక్కూడా లోపల టెన్షన్‌గానే ఉంది. మన సభ్యుల్లోని డాక్టరు గారిని పిలిచి ఒక సాయంత్రం కూర్చోబెట్టాం. చాలామందికి ఈ రోగాన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుందనీ, చికిత్స మొదలైన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు సోకదనీ చెప్పారు. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిందట. అంటే మన భయం కనీసం నలభై ఏళ్ళు పాతది.

అయినా పేర్లిచ్చింది కొద్దిమందే. పరీక్షలని, ఎండలని ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది. పేర్లు రాసుకునే పుస్తకం ఆఫీసు బల్ల మీద ఉంది, మొదటి పేజీలో ఇంకా ఖాళీలున్నాయి.