గ్రామాభివృద్ధి సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేతుల మీదుగా జరిగిన పనుల్లో ఎక్కువ భాగం కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో, అంటే అందరం సీఎస్ఆర్ డబ్బులు అంటున్నామే, వాటితోనే జరిగాయి. జమాఖర్చుల పట్టిక మీకు విడిగా ఇచ్చాం కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఏ పని నడిచింది, ఏది పడకేసింది, ఎందుకు అన్నదే ఈ నివేదిక.

ముందు పోయిన సర్వసభ్య సమావేశంలో రసాభాస దాకా వెళ్లిన ప్రశ్న. "మన కాళ్ల కింద గ్యాసు తోడుకుపోతున్నారు, వాళ్లిచ్చే నాలుగు బెంచీలకి మనం దండలేసి ఫొటోలు దిగాలా?" అని కొందరు సభ్యులు నిలదీశారు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలింది. ఇవి చూసిన జనానికి ఆ కోపం రావడంలో తప్పు లేదు. కానీ రెండు ఖాతాలూ కలపకూడదు. నష్టం జరిగితే పరిహారం అడగడం వేరు, దాన్ని బెంచీలతో చెల్లు వేసుకోమని ఎవరూ అనలేరు. సీఎస్ఆర్ అన్నది 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉంది. ఏ ఊరికి, ఏ పనికి అన్నది మాత్రం కంపెనీ బోర్డే తేల్చుకుంటుంది. కాబట్టి మనం ఏం అడుగుతున్నామన్న దాని మీదే చాలా ఉంటుంది. కార్యవర్గం అభిప్రాయం ఒక్కటే: ఇకపై వస్తువు అడిగేటప్పుడే దాన్ని నడిపే ఖర్చు ఎవరిదో కాగితం మీద తేల్చుకోవాలి.

ఈ మాట సీఎస్ఆర్ కింద వచ్చిన మంచినీళ్ల ప్లాంటు దగ్గర నేర్చుకున్నదే. మన బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగే నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 2000 వరకు ఫరవాలేదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. కాలువలు పారినన్నాళ్లూ చెరువు నీళ్లతో ఎలాగో గడిచిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మాత్రం ప్లాంటు దగ్గర డబ్బాల వరస రామాలయం మలుపు దాకా వస్తుంది. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది, రిబ్బన్ కత్తిరించారు, స్వీట్లు పంచారు. కొన్ని నెలలకే నీళ్లు సన్నగా రావడం మొదలైంది. మెకానిక్ వచ్చి మురికిని ముందుగా వడకట్టే కార్ట్రిడ్జ్ విప్పితే తెల్లగా ఉండాల్సిన ఆ దారపు గొట్టం తుప్పు రంగులో, జిగురు పట్టి ఉంది. అది మారుస్తూ ఉండాల్సిన వస్తువని, మార్చకపోతే ఉప్పును వడకట్టే అసలు పొరకే, అంటే మెంబ్రేన్‌కే ఎసరని, దాని ఖరీదు ఎక్కువని అప్పుడు గానీ ఊళ్లో చాలామందికి తెలియలేదు.

"ఏవండీ సెక్రటరీ గారూ, బోర్డు మీద వాళ్ల పేరు అంత పెద్దగా రాసుకున్నారు గదండీ, ఆ గొట్టం కూడా వాళ్లనే మార్చమనండి" అని ఒక పెద్దాయన అన్నారు. నవ్వుకున్నాం గానీ, అడిగాం కూడా. ప్లాంటు పంచాయతీకి అప్పగించేశామని జవాబు వచ్చింది. అదీ నిజమే. 2021లో మారిన నిబంధనల ప్రకారం ఈ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. అర్హత ఉన్న ట్రస్టుకో, సొసైటీకో, లబ్ధిదారుల సంఘానికో, ప్రభుత్వ సంస్థకో చెందాలి. ఆస్తి మనదైందంటే కరెంటు బిల్లూ మనదే.

చివరికి డబ్బాకు కొద్దిపాటి రుసుం పెట్టి, అందులో కొంత మెంబ్రేన్ కోసం విడిగా బ్యాంకులో వేస్తున్నాం. ఉచితంగా ఇచ్చింది అమ్ముతారా అని విమర్శ వచ్చింది. రుసుం లేకపోతే వచ్చే వేసవికి ప్లాంటుకు తాళమే. ప్లాంటు చూసుకునే డ్వాక్రా సంఘం చెల్లెమ్మ రోజూ పొద్దున్నే మొదటి గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి, వచ్చిన అంకె గోడ మీద సుద్దతో రాస్తోంది. ఆ ఒక్క పని వల్ల సగం గొడవలు తగ్గాయి. వృథాగా పోయే ఉప్పు నీళ్లు కొబ్బరి చెట్ల పాదుల్లోకి వెళ్లకుండా బడి మరుగుదొడ్ల ట్యాంకుకు పైపు వేశాం.

కుట్టు శిక్షణ. మిషన్లు ఇచ్చారు, శిక్షణ ఇచ్చారు, సర్టిఫికెట్లు ఇచ్చారు. ఎంతమంది నేర్చుకున్నారని ఫారం నింపించుకున్నారు గానీ, ఎంతమంది సంపాదిస్తున్నారని అడగలేదు. చాలా ఇళ్లలో మిషన్ మీద ఇప్పుడు దుప్పట్లు మడతపెట్టి ఉంటున్నాయి. జాకెట్టు కటింగ్ బాగా వచ్చినవాళ్లకు, చీరలకు ఫాల్స్ కుట్టి పికో చేసేవాళ్లకు మాత్రం పెళ్లిళ్ల సీజన్‌లో చేతినిండా పని ఉంది. ఈసారి అడిగితే మామూలు మిషన్లు తగ్గించి పికో మిషన్లు, అనుభవమున్న టైలరు దగ్గర ఎక్కువ కాలం నేర్చుకునే వీలు అడగాలన్నది శిక్షణ పొందిన ఆడవాళ్ల మాటే.

కంటి శిబిరం బాగా జరిగింది. శుక్లాల ఆపరేషన్లకు వెళ్లినవాళ్లను బస్సులో తీసుకెళ్లి, తీసుకొచ్చారు. బడికి బెంచీలు వచ్చాయి, బాగున్నాయి.

వరద సామాను గురించి మాత్రం కొంచెం చెప్పాలి. విపత్తు సహాయం 2019లో సీఎస్ఆర్ పనుల జాబితాలో చేరింది. 2022 జూలై గోదావరి వరదలో లంకల జనం పడ్డ పాట్లు గుర్తున్నవే, అప్పుడు పులిహోర పొట్లాలకు కొదవ లేదు గానీ లైఫ్ జాకెట్లకు కరువు వచ్చింది. ఈసారి లైఫ్ జాకెట్లు, నైలాన్ తాళ్లు, సోలార్ లైట్లు అడిగి తెచ్చుకున్నాం. సామాజిక భవనం అటక మీద ఉన్నాయి, తాళంచెవులు ముగ్గురి దగ్గర పెట్టాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటిది వినగానే సామాను రేవు దగ్గరకు చేరాలి, రెండోదాని కోసం ఆగకూడదు. కోళ్ల గంపలు కట్టడానికి ఆ తాళ్లు పట్టుకెళ్లినవాళ్లు దయచేసి తిరిగి ఇవ్వండి.

వచ్చే ఏడాది పనుల్లో ముఖ్యమైనది కాగితం పనే. కంపెనీ నిధులు నేరుగా మన సంఘానికి రావాలంటే 1961 ఆదాయపు పన్ను చట్టం కింద సేవా సంస్థలకు ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా నమోదయ్యే సీఎస్ఆర్-1 ఫారం, ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఆడిట్ చేసిన పద్దులు సిద్ధంగా ఉన్నాయి, మిగతాది ఆడిటర్ గారు చూస్తున్నారు. అది వచ్చేదాకా పంచాయతీ ద్వారానే నడుపుదాం.

సభ్యత్వ రుసుం బాకీ ఉన్నవాళ్లు సమావేశానికి ముందే కోశాధికారి గారి దగ్గర కట్టి రసీదు తీసుకోగలరు. రసీదు లేనివాళ్లకు ఓటు ఉండదు.

ఇట్లు,
కార్యదర్శి