అమ్మా, ఇక్కడ సర్జరీ అంటే ఆపరేషన్ కాదు

లీడ్స్,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మా,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరూ బావున్నారని తమ్ముడు అన్నాడు గానీ, నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదనీ, నేను పంపిన కాగితంలో ‘సర్జరీ’ అన్న మాట చూసి దేవుడికి మొక్కుకున్నావనీ వాడే చెప్పాడు. నా పురుడుకి నువ్వు ఇక్కడికి వచ్చేముందే ఆ సంగతి తేల్చేస్తాను.

ఇంగ్లండులో సర్జరీ అంటే డాక్టరుగారి క్లినిక్. జ్వరానికీ దగ్గుకీ వెళ్లే చోటు. ‘సర్జరీలో మంగళవారం పదింటికి’ అంటే ఆ వేళకి డాక్టర్ని చూడమని, అంతే. ఇక్కడి ఎంపీలు తమ నియోజకవర్గంలో జనం గోడు వినడానికి కూర్చునే పూటని కూడా సర్జరీ అనే అంటారు. కోతని కూడా సర్జరీ అనడం ఉంది గానీ, మామూలుగా ‘ఆపరేషన్’ అంటారు. అది జరిగే గది మన ఆపరేషన్ థియేటర్, ఇక్కడ ‘ఆపరేటింగ్ థియేటర్’, మాటల్లో మొదటిది మింగేసి ఉత్త ‘థియేటర్’ అంటారు.

నాన్నకి చెప్పు, ఆ మాట గ్రీకుది. ‘ఖెయిర్’ అంటే చెయ్యి, ‘ఎర్గోన్’ అంటే పని. చేతిపని అన్నమాట. మందులిచ్చే వైద్యుడు వేరు, చేత్తో కోసి కట్టు కట్టేవాడు వేరు. ఆ రెండో రకం వాళ్లూ క్షురకులూ లండన్‌లో 1540 నుంచి 1745 దాకా ఒకే సంఘంలో ఉండేవాళ్లు. యూనివర్సిటీ పట్టా లేదు కాబట్టి వాళ్లని ‘డాక్టర్’ అనకుండా ‘మిస్టర్’ అనేవాళ్లు. ఇప్పుడు పట్టాలన్నీ ఉన్నా ఆ పిలుపు మాత్రం వదల్లేదు, పైగా గొప్పగా చెప్పుకుంటారు. అందుకని ఆసుపత్రిలో ‘మిస్టర్ ఫలానా చూస్తారు’ అంటే ఎవరో కాంపౌండర్ని పంపుతున్నారని గొడవ పెట్టుకోకు. ఆయన పెద్ద సర్జనే అయివుంటాడు.

ఇంకో భయం, పురుడు డాక్టరు కాకుండా మిడ్‌వైఫ్ పోస్తుందని. ఇది నిర్లక్ష్యం కాదమ్మా, ఇక్కడి పద్ధతే అంత. అంతా సవ్యంగా ఉంటే మొదట్నుంచీ చివరిదాకా ఆవిడే చూస్తుంది. ఏదైనా తేడా ఉంటే డాక్టర్ని పిలుస్తుంది, డాక్టర్లు అదే భవనంలో ఉంటారు. ఈ మాటలో ‘మిడ్’ అంటే మధ్య కాదు, పాత ఇంగ్లీషులో ‘తోడు’ అని అర్థం. ‘వైఫ్’ అంటే అప్పట్లో భార్య అనే కాదు, ఏ ఆడమనిషైనా సరే. ఆడమనిషికి తోడుండేది మిడ్‌వైఫ్. ఆ ‘వైఫ్’ పురుడు పోసుకునే మనిషే గానీ పోసే మనిషి కాదు. అందుకే ఆ ఉద్యోగంలో మగవాళ్లున్నా మిడ్‌వైఫ్ అనే అంటారు. పురుడైన 10 నుంచి 14 రోజులలోపు ‘హెల్త్ విజిటర్’ ఇంటికి వస్తుంది. ఆవిడ చుట్టపుచూపుకి రాదు, శిక్షణ పొందిన నర్సు. ‘రెడ్ బుక్’ అడిగితే బిడ్డ బరువూ టీకాలూ రాసే ఎర్ర పుస్తకం ఇవ్వాలి.

ఆఫీసు సంగతులు చెప్పడానికేం లేవు. వచ్చే నెలాఖరు నుంచి సెలవు. ఆయనకి మామూలే.

నీ ఒంటి సంగతి ఇక్కడ ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఈ మాటలు గుర్తు పెట్టుకో. ‘ఐ హావ్ షుగర్’ అంటే చేతిలో పంచదార ఉందనుకుంటారు, ‘డయాబెటిస్’ అను. ‘బీపీ ఉంది’ అంటే అందరికీ ఉంటుంది కదా అంటారు, ‘హై బ్లడ్ ప్రెషర్’ అనాలి. ‘మోషన్స్’ అనకు, ‘డయేరియా’ అను. కడుపులో గ్యాస్‌ని ‘విండ్’ అంటారు, గాలి అన్నమాట. అన్నిటికన్నా చిక్కు తెచ్చేది ‘సిక్’. ‘ఐ వాజ్ సిక్ లాస్ట్ నైట్’ అంటే ఇక్కడ రాత్రి వాంతి చేసుకున్నానని అర్థం. ఒంట్లో బాగా లేదనడానికి ‘ఇల్’ అనొచ్చు, ఈ ఊళ్లో అయితే ‘పూర్లీ’ అంటారు. ఆ మాట నీ నోట వింటే ముసలమ్మలు మురిసిపోతారు. మన జ్వరం బిళ్ల పేరు ఏ షాపులో చెప్పినా తెలీదు, పారాసిటమాల్ అనాలి. సూపర్‌మార్కెట్లో ఒక పెట్టెలో పదహారే ఉంటాయి, మామూలుగా ఒక్కసారికి రెండు పెట్టెలే ఇస్తారు. డబ్బులిస్తానన్నా అంతే. మందుల షాపుని ‘కెమిస్ట్’ అంటారు.

కూరల దగ్గరికొద్దాం. నువ్వు ‘బ్రింజాల్’ అంటే బజారువాడు తెల్లమొహం వేస్తాడు, ఇక్కడ ‘ఓబర్జీన్’. తమాషా ఏమిటంటే రెండూ ఒకే మాట! సంస్కృతంలో ‘వాతింగణ’, పారశీకంలో ‘బాదింగాన్’ అయింది, అరబ్బులు ముందు ‘అల్’ తగిలించారు. అది స్పెయిన్ చేరి కాటలాన్ భాషలో ‘అల్బెర్జీనియా’, ఫ్రాన్స్ వెళ్లి ‘ఓబర్జీన్’. అదే మాటని పోర్చుగీసువాళ్లు ‘బెరింజెలా’ చేసుకుని ఓడలో మన ఒడ్డుకి తెచ్చారు, దాన్నుంచి మన ఇంగ్లీషు బ్రింజాల్. గుత్తివంకాయకి పెద్ద ఓబర్జీన్ పనికిరాదు, చిన్నవి మనవాళ్ల షాపుల్లో దొరుకుతాయి.

బెండకాయని ‘లేడీస్ ఫింగర్’ అంటే కొంతమందికి వేలంత స్పాంజి బిస్కెట్టు గుర్తొస్తుంది. ‘ఓక్రా’ అను, అది పశ్చిమాఫ్రికాలో ఇగ్బో భాష మాట. క్యాప్సికం అంటే ‘పెప్పర్’. మిరియాలూ పెప్పరే. రెండిటికీ ఒకే పేరు ఎందుకంటే, మూలం మన ‘పిప్పలి’. గ్రీకులో ‘పెపెరి’, లాటిన్‌లో ‘పిపెర్’ అయ్యాక మిరియానికి అంటుకుంది. కొలంబస్ తర్వాత అమెరికా నుంచి కారంగా ఉండే కాయ ఏది వస్తే దానికల్లా అదే పేరు పెట్టేశారు.

ఇప్పుడు చెప్పేది మాత్రం శ్రద్ధగా చదువు, పిండి పాడయ్యేది ఇక్కడే. మైదా కావాలంటే సంచి మీద ‘ప్లెయిన్ ఫ్లోర్’ అని ఉండాలి. పక్కనే అదే రంగు సంచిలో ‘సెల్ఫ్ రైజింగ్’ ఉంటుంది, అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిపేసి ఉంటుంది. దానితో బొబ్బట్లు చేస్తే పైపొర కేకులా పొంగి ముక్కలవుతుంది, పూరీలు నూనె తాగేస్తాయి. ‘స్ట్రాంగ్’ అని ఉంటే అది బ్రెడ్డు పిండి, బాగా సాగుతుంది, రొట్టెల కర్రతో వత్తుతుంటే వెనక్కి లాక్కుంటుంది. ‘కార్న్‌ఫ్లోర్’ తెల్లటి మెత్తటి గంజిపొడి, జొన్నపిండో మక్కపిండో కాదు. ఉప్మా రవ్వ ‘సెమొలీనా’, ‘కోర్స్’ అని ఉన్నది తీసుకోవాలి, ‘ఫైన్’ అయితే ముద్దయిపోతుంది. శనగపిండి ‘గ్రామ్ ఫ్లోర్’. ఈ గ్రాము తూకం గ్రాము కాదు, పోర్చుగీసులో గింజ. వంటసోడాని ‘బైకార్బొనేట్ ఆఫ్ సోడా’ అంటారు, దాని బదులు బేకింగ్ పౌడర్ వేసేస్తే కుదరదు.

పెరుగుకి ‘కర్డ్’ అనకు. ‘లెమన్ కర్డ్’ అని సీసాలో దొరికేది నిమ్మకాయ, గుడ్డు, వెన్న, పంచదార వేసి ఉడికించిన జామ్‌లాంటిది. మనకి కావలసింది ‘నేచురల్ యోగర్ట్’. తోడు పెట్టాలంటే డబ్బా మీద ‘లైవ్’ అని ఉందో లేదో చూడు. పాల సీసా మీద లేబులు నీలం అయితే వెన్న తియ్యనివి, ఆకుపచ్చవి సగం తీసినవి, ఎర్రవి మొత్తం తీసేసినవి. ఆకుపచ్చవీ ఎర్రవీ తోడేస్తే పెరుగు పలచగా వస్తుంది. పెద్ద సీసా నాలుగు పింట్లు, అంటే రెండుంపావు లీటర్లకి కాస్త పైన.

మాంసం విషయంలో నీ పట్టింపు తెలుసు కాబట్టి రాస్తున్నా. ‘బ్లాక్ పుడింగ్’ మిఠాయి కాదు, పంది రక్తంతో చేసేది. పుడింగ్ అంటే ఒకప్పుడు పేగులో కూరి వండిన వంటకం, తర్వాతే తీపి పదార్థాలకి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు భోజనం చివర ఏ తీపి పెట్టినా పుడింగే. ‘లార్డ్’ పంది కొవ్వు, ‘సూయెట్’ ఆవుదో గొర్రెదో కొవ్వు. దీనికి తలకిందులుగా ‘మిన్స్‌మీట్’ అని క్రిస్మస్‌కి అమ్మేదాంట్లో మాంసమే ఉండదు, ఎండుద్రాక్ష, ఆపిల్, మసాలా దినుసులు. ‘మీట్’ అంటే ఒకప్పుడు ఏ తిండయినా సరే. కానీ అందులో సూయెట్ వేస్తారు, అందుకే ‘సూటబుల్ ఫర్ వెజిటేరియన్స్’ అని ఉందో లేదో చూసి తియ్యాలి.

సామానులో నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పెట్టకు. ఇండియా నుంచి పాల పదార్థాలూ మాంసమూ తేకూడదు, తీసి పారేస్తారు. నెయ్యి కూడా ‘డెయిరీ’ కిందే లెక్క. ఆవకాయ తే. బెల్లం తేనక్కర్లేదు, ‘జాగరీ’ అని దొరుకుతుంది. అది మన శర్కరే! మలయాళంలో చక్కర, దాన్నుంచి పోర్చుగీసులో జాగరా, ఇంగ్లీషులో జాగరీ. అదే శర్కర అరబ్బుల దారిన ‘సుక్కర్’ అయి ‘షుగర్’ కింద తేలింది. నాన్న నన్ను పప్పులో కాలేశావంటారేమో, ఏ నిఘంటువైనా తీసి చూడమను.

బిడ్డకి కావలసినవి కొంటున్నాం. ‘కాట్’ వచ్చింది. అది హిందీ ‘ఖాట్’, మంచం. ఇక్కడ ఆ మాట పసిపిల్లల మంచానికే. తోపుడు బండిని ‘ప్రామ్’ అంటారు, పెరాంబ్యులేటర్ అని అనలేక. గుడ్డలు ‘నాపీ’లు. ఈ నాపీ ‘నాప్కిన్’కి ముద్దుపేరు, దాని వెనక ఫ్రెంచి ‘నాప్’, బల్లమీద పరిచే బట్ట. వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ కూడా ఆ ఇంటిదే. మొదట ‘ఎ నేప్రన్’ అనేవాళ్లు, పలకడంలో ఆ ‘న’కారం జారి ముందు మాటకి అంటుకుపోయింది. నోట్లో పెట్టే రబ్బరు పీక ‘డమ్మీ’. పిల్లల బనీను ‘వెస్ట్’. ‘పాంట్స్’ అంటే మాత్రం లోపలి డ్రాయరు, తెలియకుండా బజారులో అనకు, పైన వేసుకునేది ‘ట్రౌజర్స్’.

నువ్వు బిడ్డకి నూనె పెట్టి ఒళ్లు పడతావు కదా, దానికి ఇంగ్లీషు మాట ఏమిటో తెలుసా? షాంపూ! హిందీలో ‘చాంపో’, అంటే ఒత్తు, పిసుకు. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 1810లో లండన్‌లో ఇండియా భోజనాల హోటలు పెట్టాడు, అది నడవలేదు. తర్వాత బ్రైటన్ సముద్రపు ఒడ్డున ఆవిరి స్నానాలూ ఒళ్లు పట్టడమూ మొదలుపెడితే విరగబడి నడిచింది. నాలుగో జార్జి రాజుగారికి ‘షాంపూయింగ్ సర్జన్’ అయ్యాడు. చూశావా, అక్కడా సర్జనే! తల రుద్దుకునే సీసాకి ఆ పేరు రావడం తర్వాతి మాట. నూనె సంగతి మిడ్‌వైఫ్‌ని ఒకసారి అడిగాక మొదలుపెడదాం. నువ్వు వెంటనే ముఖం ముడుచుకోకు, వద్దనడం లేదు. సాంబ్రాణి మాత్రం కష్టం, ఇంటి కప్పుకి పొగ అలారం ఉంది.

వీధిలో మాటలు కొంచెం వేరు. కూరలమ్మే ఆవిడ ‘లవ్’ అని పిలుస్తుంది, మగవాళ్లూ పిలుస్తారు. మన ‘అమ్మా’ అనడమే అది. ‘ఆల్ రైట్?’ అంటే నీ ఆరోగ్యం వాకబు చేస్తున్నారని మోకాలి నొప్పి దగ్గర్నుంచి మొదలుపెట్టకు, ‘యెస్ థాంక్స్’ అంటే చాలు. ‘చీర్స్’ అంటే థాంక్స్. ‘సీ యూ లేటర్’ అంటే సాయంత్రం వస్తారని కాదు, టీ పెట్టి కూర్చోకు. ‘కమ్ ఫర్ టీ’ అంటే మాత్రం ఈ ఉత్తరాది ఊళ్లలో సాయంత్రం భోజనానికి రమ్మని, తిని వెళ్తే బాధపడతారు. ‘హాఫ్ సెవెన్’ ఏడున్నర. ‘నైన్ వైల్ ఫైవ్’ అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా, యార్క్‌షైర్‌లో ‘వైల్’ అంటే ‘దాకా’. కూరల బజారు కర్క్‌గేట్‌లో ఉంది, పక్కన బ్రిగ్గేట్. ఎక్కడా గేటు వెతక్కు. వెయ్యేళ్ల కిందట డెన్మార్క్ నుంచి వచ్చిన డేన్లు వదిలిపోయిన ‘గాటా’, అంటే వీధి. కర్క్‌గేట్ చర్చి వీధి, బ్రిగ్గేట్ వంతెన వీధి.

ఇంగ్లీషులోకి వెళ్లిన మన మాటలంటూ నాన్న పంపిన వాట్సాప్ జాబితా చూశాను. అందులో పందికొక్కు నిజం. ‘బాండికూట్’ అచ్చంగా తెలుగు మాటే, ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉన్న జంతువుకి కూడా పోలికని బట్టి అదే పేరు పెట్టారు. కానీ ‘కాష్’ కాసు నుంచి వచ్చిందన్నది సగమే నిజం. ఇంగ్లీషులో రెండు కాష్‌లున్నాయి. రొక్కం అనే కాష్ ఫ్రెంచి, ఇటాలియన్ ‘డబ్బు పెట్టె’ నుంచి వచ్చింది. కాసు నుంచి వచ్చింది తూర్పు దేశాల చిల్లర నాణెం పేరు. ధ్వని కలిసిందని చుట్టరికం కలపకూడదు. మాట మొదట ఎప్పుడు, ఏ రాతలో కనిపించింది, మధ్యలో ఏ భాష మీదుగా వచ్చింది, అప్పటికి అర్థం ఏమిటి, ఈ మూడూ చూడాలి. మాటని అక్షరాలుగా విడగొట్టి కథ చెబితే అసలు నమ్మొద్దు. ‘పాష్’ ఓడ టిక్కెట్టు మీది నాలుగక్షరాలన్నారు కదా, అలా ముద్ర వేసిన టిక్కెట్టు ఒక్కటీ దొరకలేదు. టీపాయ్ కూడా టీ కోసం కాదు, మూడు కాళ్లది, హిందీ ‘తిపాయీ’. ఇండియా నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటల నిఘంటువు, 1886 నాటి హాబ్సన్ జాబ్సన్, ఆన్‌లైన్లో ఉచితంగా ఉంది, తమ్ముణ్ణి తీసిపెట్టమను. బ్రౌణ్య నిఘంటువు పక్కన పెట్టుకుంటే నాన్నకి నెలరోజులు కాలక్షేపం.

పేర్ల సంగతి. నాన్న రాసిన వాటిలో హర్షిత్ వద్దు. ఇంగ్లీషులో రాస్తే చివరి అక్షరాలు ఇక్కడ బూతు, ఆఖర్న హెచ్ తగిలించినా కనిపిస్తుంది, బడిలో పిల్లాణ్ణి బతకనివ్వరు. ఇక్కడ పుట్టిన 42 రోజుల్లోగా రిజిస్టర్ చేయించాలి. బారసాల ఇరవై ఒకటో రోజు కాబట్టి తొందరేం లేదు, ఇంకో నాలుగు పేర్లు పంపమను. ఆడపిల్లవి కూడా.

నీ మోకాలికి పట్టీ కొనుక్కుని బయలుదేరు, విమానంలో అప్పుడప్పుడూ లేచి నడువు. వీల్‌చెయిర్ చెప్పాం, వద్దనకు.

ఉంటాను,
నీ చిన్నమ్మాయి